బిగించినా ఊడుతున్న చైన్: చైన్‌సా బార్ దగ్గర అసలు ఏం జరుగుతోంది?

సరుగుడు తోటలోనో సుబాబుల్ చేలోనో కోత నడుస్తుంటుంది. చెట్లు కోసే మోటారు రంపం, అంటే చైన్‌సా మిషన్, బాగానే తిరుగుతుంటుంది, ఉన్నట్టుండి టక్‌మని శబ్దం వస్తుంది, చూస్తే చైన్ తను తిరిగే పొడవాటి ఇనుప పలక, అంటే బార్ మీంచి జారి కింద వేలాడుతుంటుంది. ఇంజిన్ ఆపి, పక్క కవర్ విప్పి, చైన్ మళ్ళీ గాడిలోకి ఎక్కించి, ఈసారి ఇంకాస్త గట్టిగా బిగించి స్టార్ట్ చేస్తారు. పది నిమిషాలకు మళ్ళీ అదే వరస. మధ్యాహ్నానికి మూడు నాలుగు సార్లు ఊడితే మిషనే చెడ్డదనో, చైన్ నాసిరకమనో తేల్చేస్తారు. కొత్త చైన్ కొని తెచ్చి వేస్తారు, రెండో రోజుకు అదీ ఊడుతుంది.

ఇళ్ళలో, తోటల్లో ఈ మిషన్ల వాడకం బాగా పెరిగింది. తుపాను తర్వాత రోడ్లకు అడ్డంగా పడిన చెట్లు తీయాలన్నా, పామాయిల్ గట్ల మీద పాత చెట్టు కొట్టాలన్నా ఇదే సాధనం. అయితే మిషన్ అమ్మేటప్పుడు పెట్రోలులో 2టి ఆయిల్ ఎంత కలపాలో చెప్పినంత శ్రద్ధగా చైన్ ఎందుకు ఊడుతుందో ఎవరూ చెప్పరు.

క్లుప్తంగా

చైన్ ఊడటానికి వదులు ఒక్కటే కారణం కాదు. చైన్‌ను బార్ మీద నిలబెట్టేవి మూడు: బిగువు, బార్ గాడి, దాన్ని తిప్పే పళ్ళ చక్రం. వీటిలో ఏది పోయినా పైకి కనపడేది మాత్రం ఒకటే, ఊడిన చైన్. అందుకే ఎప్పుడు ఊడుతోందన్నది ముందు చూడాలి. కొత్త చైన్ వేయగానే ఊడితే సైజు మీద అనుమానం. వేడెక్కాక ఊడితే ఆయిల్, బిగించిన తీరు. సన్న కొమ్మల దగ్గరే ఊడితే కోసే పద్ధతి. అన్నీ సరిగ్గానే ఉన్నా ఊడుతుంటే గాడి, చక్రం, చక్రాన్ని తిప్పే డ్రమ్ లోపలి బేరింగ్. ఊడిన ప్రతిసారీ మరింత బిగించుకుంటూ పోవడం మాత్రం జబ్బును పెంచుతుంది.

చైన్‌ను పట్టి ఉంచేది ఏమిటి

సైకిలు చైన్ ఊడటం అందరికీ అనుభవమే కాబట్టి చాలామంది దీన్నీ అలాగే అనుకుంటారు. పోలిక కొంతవరకే పనికొస్తుంది. సైకిలు చక్రం పన్ను చైన్ రెండు రేకుల మధ్యలోకి దూరుతుంది, అంటే చైనే పన్నును రెండు పక్కలా పట్టుకుని ఉంటుంది. చైన్‌సాలో సంగతి వేరు. ఈ చైన్ అడుగున కిందికి దిగిన రేకులు వరసగా ఉంటాయి, వాటిని డ్రైవ్ లింకులంటారు. వాటి కొసలు బార్ అంచు వెంట ఉన్న సన్నటి గాడిలో దిగి జారుతూ పోతాయి. గాడి వాటిని పక్కలకు పోనివ్వదు, అంతవరకే దాని పని. గాడిలోంచి పైకి లేవకుండా ఆపడానికి బిగువు తప్ప మరేమీ లేదు.

ఇప్పుడు వేగం చూడండి. 7 పళ్ళ చక్రం, 3/8 పిచ్ (కీళ్ళ మధ్య సగటు దూరం, అంగుళాల్లో) చైన్ ఉన్న మిషన్‌లో చక్రం ఒక చుట్టు తిరిగితే చైన్ సుమారు 13 సెంటీమీటర్లు కదులుతుంది. ఇంజిన్ నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంటే చైన్ వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చి బార్ ముక్కు దగ్గర అరచేయంత చోటులో పూర్తిగా వెనక్కి తిరగాలి. అక్కడ ప్రతి లింకూ బయటికి విసురుకుపోవాలనే చూస్తుంది.

ఇంకో సంగతి ఉంది, బయటికి అంతగా కనపడదు. మామూలుగా బార్ కింది అంచుతో కోస్తాం. అప్పుడు చక్రం కింది వైపు చైన్‌ను తనవైపు లాగుతుంటుంది కాబట్టి అక్కడ చైన్ నిటారుగా బిగిసి ఉంటుంది. వదులంతా ఎక్కడికి పోతుంది? చక్రం దాటి పైకి వచ్చి, బార్ వెనక కొస గాడిలోకి దిగే చోట పోగవుతుంది. చైన్ వదులుగా ఉన్న మిషన్‌లో డ్రైవ్ లింకులు ఆ గాడి నోట్లోకి నేరుగా దిగకుండా అంచులకు కొట్టుకుంటూ దిగుతాయి. విప్పి చూస్తే బార్ వెనక కొసలో గాడి అంచులు నలిగి, పెచ్చులు లేచినట్టు కనపడటానికి కారణం అదే.

ఒక్క మిల్లీమీటరు లెక్క

ఉదయం సరిగ్గా ఉన్న చైన్ మధ్యాహ్నానికి ఇంత ఎలా వేలాడుతుందని చాలామందికి అనుమానం. లెక్క వేస్తే తేలిపోతుంది. 66 డ్రైవ్ లింకులున్న 3/8 పిచ్ చైన్ పొడవు సుమారు 126 సెంటీమీటర్లు, అందులో రివెట్లున్న కీళ్ళు 132. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో వందో వంతు అరిగిందనుకుందాం, కంటికి కనపడేది కాదు, గోటికి తగిలేదీ కాదు. 132 కీళ్ళకు కలిపితే 1.3 మి.మీ. అవుతుంది.

1.3 మి.మీ. ఎంత అనిపిస్తుంది. కానీ 45 సెంటీమీటర్ల దూరం మీద బిగిసి ఉన్న చైన్ ఒక్క మిల్లీమీటరు సాగితే నడుమ దాదాపు 13 మి.మీ. కిందికి వేలాడుతుంది. బట్టలు ఆరేసే తీగ కొంచెం సడలితే నడుమ ఎంత కిందికి దిగుతుందో చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. డ్రైవ్ లింకు గాడిలోకి దిగి ఉండేది 5, 6 మి.మీ. మాత్రమే. కాబట్టి ఒక్క మిల్లీమీటరు సాగుదల చాలు, బార్ నడుమ లింకులు గాడి దాటి బయటికి వచ్చేస్తాయి.

వేడి సంగతీ ఇంతే. మీటరు ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మి.మీ. సాగుతుంది. బార్ కూడా ఉక్కే, అదీ సాగుతుంది, కానీ సన్నటి చైన్ వేడెక్కినంత త్వరగా అది వేడెక్కదు. ఆ తేడా అంతా వదులుగా కనపడుతుంది.

అతిగా బిగించడం ఎందుకు తప్పో కూడా ఈ లెక్కలోనే ఉంది. బిగువు ఎక్కువైతే గాడి అంచుల మీద రాపిడి ఎక్కువ, రాపిడితో వేడి, వేడితో సాగుదల. కీళ్ళు తొందరగా అరుగుతాయి, అదీ సాగుదలే. ఊడుతోందని బిగిస్తారు, బిగించినందువల్ల మళ్ళీ వదులవుతుంది, వదులైందని ఇంకా బిగిస్తారు. ఈలోగా బార్ ముక్కులో ఉన్న చిన్న చక్రం, దాని బేరింగు దెబ్బతింటాయి. పని అయిపోయాక వేడి మీద బిగించిన చైన్‌ను అలాగే వదిలేసి ఇంటికి వెళితే మరో నష్టం ఉంది. చల్లారాక అది కుంచించుకుని ఇంజిన్ క్రాంక్ షాఫ్టునూ దాని బేరింగులనూ పక్కకు లాగుతూ ఉంటుంది. అందుకే మిషన్ పక్కన పెట్టే ముందు చైన్‌ను కాస్త వదులు చేయమని తయారీదారులు చెబుతారు.

బిగించడంలో జరిగే పొరపాటు

బార్‌ను పట్టుకునే బోల్టులకు, బార్‌లో ఉన్న పొడవాటి కంతకు మధ్య కొంత ఆట ఉంటుంది. చాలామంది బార్ ముక్కు తన బరువుతో కిందికి వాలి ఉండగానే టెన్షన్ స్క్రూ తిప్పి, నట్లు బిగించేస్తారు. చూడటానికి చైన్ సరిగ్గానే ఉంటుంది. మిషన్ చెట్టు మీద పెట్టి నొక్కగానే కర్ర బార్‌ను పైకి నెడుతుంది, బార్ ఆ ఆట మేరకు పైకి లేస్తుంది, అప్పటిదాకా సరిగ్గా ఉన్న చైన్ కింద వదులైపోతుంది. తెల్లారి బిగించిన చైన్ మొదటి దుంగకే ఊడుతోందంటే చాలావరకు ఇదే.

పద్ధతి తేలికే. ఇంజిన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకి, చేతులకు గ్లౌజులు వేసుకోవాలి. నట్లు కొంచెం వదులు చేసి, బార్ ముక్కును చేత్తో పైకి ఎత్తి పట్టి, అలా ఎత్తి ఉంచే స్క్రూ తిప్పాలి. చైన్ బార్ కింది అంచుకు ఆనగానే ఆపి, ముక్కు దించకుండానే పానాతో నట్లు బిగించేయాలి. తర్వాత చైన్ బ్రేకు వదిలి చైన్‌ను చేత్తో లాగితే సాఫీగా కదలాలి. కిందికి లాగితే కొంచెం వచ్చి, వదిలితే టప్పున వెనక్కి వెళ్ళి అంచుకు ఆనాలి. లాగినా డ్రైవ్ లింకు గాడిలోంచి పూర్తిగా బయటపడకూడదు.

టెన్షన్ స్క్రూ తిప్పినకొద్దీ బార్ కదలకపోతే లోపల చిన్న పిన్ను బార్ రంధ్రంలో కూర్చోలేదన్నమాట. శుభ్రం చేసి మళ్ళీ బిగించేటప్పుడు ఈ పిన్ను తప్పిపోవడం చాలా మామూలు. అలాగే బలవంతంగా కవర్ బిగిస్తే పిన్ను వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది, ఇక ఎన్నిసార్లు బిగించినా బార్ నిలవదు.

కొత్త చైన్ విషయంలో ఓపిక కావాలి. మొదటి అరగంటలో కీళ్ళన్నీ సర్దుకుంటాయి కాబట్టి పాత చైన్ కంటే తొందరగా వదులవుతుంది. నాలుగైదు కోతలకొకసారి ఆపి చూసుకోవాలి. కొత్త చైన్ వదులైతే అది చెడ్డ చైనని కాదు.

ఆయిల్ అందకపోతే

బార్ ఆయిల్ ట్యాంకులో ఆయిల్ ఉండటం ఒకటి, అది గాడిలోకి చేరడం మరొకటి. బార్ వెనక కొసలో చిన్న రంధ్రం ఉంటుంది, ఆయిల్ అందులోంచే గాడిలోకి వస్తుంది. రంపపు పొట్టు, ఆయిలు కలిసి ముద్దయి ఆ రంధ్రాన్ని మూసేస్తే ట్యాంకు నిండుగా ఉన్నా చైన్ పొడిగా తిరుగుతుంటుంది. చైన్ వేడెక్కి పొగ వాసన రావడం, బార్ అంచు నీలంగా మారడం, ఇవి కనపడ్డాక కూడా బిగిస్తూ కూర్చుంటే లాభం లేదు.

పరీక్ష ఇలా చేయొచ్చు. చదునైన సిమెంటు దిమ్మె మీదో పాత అట్టముక్క మీదో బార్ ముక్కును ఒక జానెడు ఎత్తులో పట్టి, మిషన్‌ను గట్టిగా పట్టుకుని ఇంజిన్ వేగం పెంచాలి. ఒక నిమిషంలోపు అట్ట మీద ఆయిల్ చిందిన గీత కనపడాలి. కనపడకపోతే రంధ్రం, గాడి శుభ్రం చేయాలి. గాడి గోకడానికి పాత హాక్సా బ్లేడు ముక్క చాలు.

మన దగ్గర చాలాచోట్ల బండిలోంచి తీసిన నల్ల ఆయిలే ఈ ట్యాంకులో పోస్తారు, డబ్బు కలిసొస్తుందని. ఇది తప్పని గట్టిగా చెప్పాలి. వాడేసిన ఆయిల్లో ఇనుప రజను ఉంటుంది, అది పంపునూ గాడినీ అరగదీస్తుంది. పైగా దానికి చైన్‌ను అంటిపెట్టుకునే జిగురు ఉండదు కాబట్టి ముక్కు దగ్గర తిరిగేసరికి విసురుకుపోతుంది, కోత జరిగే కింది అంచుకు చేరేది కొంచెమే. ఆ తుంపరలు రోజంతా మనిషి చేతుల మీదా బట్టల మీదా పడుతుంటాయి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి చాలాకాలం తగలడం క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదంగా గుర్తించిన విషయం.

మూడు అంకెలు కలవాలి

చైన్ కొనేటప్పుడు "20 అంగుళాల బార్‌కు చైన్ ఇవ్వండి" అని అడుగుతారు. బార్ పొడవు చెబితే సరిపోదు. చైన్‌కు మూడు అంకెలు: పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య. వరసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరంలో సగం పిచ్. డ్రైవ్ లింకు మందం గేజ్. ఈ వివరాలు చాలావరకు బార్ వెనక కొస దగ్గర చెక్కి ఉంటాయి, జిడ్డు తుడిస్తే కనపడతాయి.

ఎక్కువ గందరగోళం గేజ్ దగ్గరే. .325 పిచ్ చైన్ 1.3, 1.5, 1.6 మి.మీ. మందాల్లో దొరుకుతుంది. మూడూ పక్కపక్కన పెడితే చూసి తేడా చెప్పడం కష్టం. 1.5 గాడిలో 1.3 చైన్ వేశారనుకోండి, తేలిగ్గా కూర్చుంటుంది, తిరుగుతుంది, కోస్తుంది కూడా. కానీ గాడిలో అటూ ఇటూ ఒరుగుతూ ఉంటుంది, పక్క నుంచి ఏ చిన్న తోపు తగిలినా ఊడుతుంది. 1.6 చైన్ అయితే అసలు దిగదు కాబట్టి దుకాణానికి తిరిగి వెళతారు. దిగని చైన్ వల్ల నష్టం లేదు, తేలిగ్గా దిగిన తప్పు చైనే ముప్పు.

పిచ్ తేడా అయితే చైన్ చక్రం మీద సరిగ్గా కూర్చోదు. పళ్ళ మీద ఎక్కి దిగుతూ గడగడమంటుంది. 3/8 అనే పేరుతోనే చిన్న మిషన్లకు వాడే తక్కువ ఎత్తు రకం ఒకటి, పెద్ద మిషన్ల మామూలు రకం ఒకటి ఉన్నాయి. పేరు చూసి ఒకదాని చక్రం మీద ఇంకోటి వేయకూడదు.

లింకుల సంఖ్య కూడా లెక్కపెట్టి తీసుకోవాలి. రోల్ నుంచి కోసి రివెట్ కొట్టి ఇచ్చే చోట ఒక లింకు ఎక్కువైతే టెన్షన్ స్క్రూ చివరిదాకా వెళ్ళినా చైన్ బిగుసుకోదు. రివెట్ కొట్టిన కీలు వేళ్ళతో అటూ ఇటూ వంచి చూడాలి, మిగతా కీళ్ళలాగే తేలిగ్గా వంగాలి. బిర్రుగా ఉన్న ఒక్క కీలు చాలు, చక్రం దాటిన ప్రతిసారీ చైన్‌ను గాడిలోంచి ఎత్తేస్తుంది.

ఒకసారి ఊడిన చైన్ మళ్ళీ ఎందుకు ఊడుతుంది

చాలామంది వదిలేసేది ఇక్కడే, నిజానికి మొదట చూడాల్సింది ఇదే. చైన్ ఊడిన క్షణంలో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దాని పళ్ళు డ్రైవ్ లింకుల కొసలను కొడతాయి. రెండు మూడు లింకుల అంచున సన్నటి ఇనుప పొర లేస్తుంది, కొన్ని కాస్త వంగుతాయి. అలాంటి చైన్‌ను అలాగే గాడిలోకి ఎక్కిస్తే ఆ లేచిన అంచు గాడిలో ఇరుక్కుంటుంది, చైన్ ఎగిరి మళ్ళీ ఊడుతుంది, ఈసారి ఇంకో నాలుగు లింకులు దెబ్బతింటాయి. మొదటిసారి ఊడటానికి కారణం వదులు కావచ్చు, రెండోసారి ఊడటానికి కారణం మొదటిసారి ఊడటమే.

కాబట్టి ఊడిన చైన్‌ను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఎండలో ఒక్కో డ్రైవ్ లింకునూ వేళ్ళ మధ్య తిప్పి చూడాలి. ఒక చోట సుద్దతో గుర్తు పెట్టుకుని మొదలుపెడితే ఎక్కడి నుంచి చూశామో మర్చిపోం. గోరుకు గీరుకున్న చోట చదును ఆకురాయితో రెండు రుద్దులు చాలు. గాడిలో పెట్టి చేత్తో లాగితే ఎక్కడా పట్టకుండా జారాలి. వంగిన లింకును సుత్తితో సరిచేయాలని చూడొద్దు, ఆ ముక్క మార్పించాలి. చాలా లింకులు దెబ్బతింటే చైనే మార్చాలి.

మిషన్ కింద, బార్ మొదట్లో చిన్న కొక్కెంలాంటి ముక్క ఉంటుంది. ఊడిన చైన్ కుడిచేతి వైపు విసురుగా రాకుండా ఆపేది అదే. ఊడినప్పుడల్లా దెబ్బ దాని మీదే పడుతుంది. అది విరిగిపోయినా పట్టించుకోకుండా పని చేసే మిషన్లు చాలా కనపడతాయి. చెయ్యి తెగకుండా కాపాడే ముక్క అది, విరిగితే అది మార్చేదాకా మిషన్ ముట్టకూడదు. చైన్ ఊడటం వేరు, తెగడం వేరు అని కూడా గుర్తుంచుకోవాలి. తెగిన చైన్ ముక్క తుపాకి గుండులా ఎగరగలదు. దెబ్బతిన్న లింకులతో నడిపే కొద్దీ మొదటిది రెండోదానికి దగ్గరవుతుంది.

గాడి అరిగితే ఎలా తెలుస్తుంది

బార్ కూడా అరిగే వస్తువేనని, నాలుగైదు చైన్ల తర్వాత దాని మీదా కన్నేయాలని చాలామందికి తట్టదు. అరుగుదల మూడు రకాలుగా ఉంటుంది. గాడి వెడల్పవుతుంది, లోతు తగ్గుతుంది, లేదా ఒక అంచు కిందికి పోయి ఇంకో అంచు పైన మిగులుతుంది.

వెడల్పు చూడటానికి ఇనుప స్కేలు ఒకటి చాలు. చైన్ బార్ మీద ఉండగా స్కేలును కోత పన్ను పక్కకూ బార్ పక్కకూ కలిపి ఆనించాలి. గాడి బాగుంటే పన్ను దగ్గర స్కేలు ఆనుతుంది, బార్‌కూ స్కేలుకూ మధ్య సన్నటి సందు మిగులుతుంది. ఆ సందు లేకుండా స్కేలు బార్‌కు అతుక్కుపోయిందంటే చైన్ ఒక పక్కకు ఒరిగిందన్నమాట. గాడి దాన్ని నిలబెట్టలేకపోతోంది. ఇక ఎంత బిగించినా అది కొంతసేపే.

లోతు తగ్గిన బార్ మీద డ్రైవ్ లింకుల కొసలు గాడి అడుగుకు తగులుతాయి. లింకు కొసలు మొనదేలి ఉండాల్సింది మొద్దుబారి కనపడితే అదే గుర్తు. చిన్న మిషన్ల తక్కువ ఎత్తు 3/8 చైన్‌కు గాడి లోతు కనీసం 5 మి.మీ., .325కూ మామూలు 3/8కూ 6 మి.మీ. ఉండాలి.

అంచులు సమానంగా ఉన్నాయో లేదో చూడటానికి బార్‌ను విప్పి అద్దం పలక మీదో గ్రానైట్ బండ మీదో అంచు మీద నిలబెట్టాలి. నిటారుగా నిలబడితే సరే, ఒక పక్కకు వాలితే ఆ అంచు అరిగింది. కొద్దిగా తేడా ఉంటే చదును ఆకురాయితో రెండంచులూ ఒక మట్టానికి తేవచ్చు, పక్కలకు లేచిన పొరను తీసేయవచ్చు. వెడల్పైన గాడిని దిమ్మె మీద పెట్టి సుత్తితో కొట్టి బిగించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. ఆ దెబ్బలు ఎక్కడా సమానంగా పడవు. ఒకచోట బిగిసి ఒకచోట వదులుగా మిగిలిన గాడి మొదటికంటే ప్రమాదం.

బార్‌ను అప్పుడప్పుడూ తిరగేసి బిగించడం అన్నిటికంటే సులభమైన జాగ్రత్త. కింది అంచే ఎక్కువ అరుగుతుంది కాబట్టి చైన్ మార్చినప్పుడల్లా పైది కిందికి, కిందిది పైకి తిప్పితే బార్ ఎక్కువ కాలం వస్తుంది. పైసా ఖర్చు లేదు.

పదును, కోసే తీరు

ఇప్పటి చైన్ కోత పళ్ళ రూపం 1940ల్లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో పుట్టింది. జోసెఫ్ కాక్స్ అనే చెట్లు కొట్టే పనివాడు మొద్దులో కర్రను తొలుస్తున్న పురుగును గమనించాడు. అది దవడలతో ఎడమకూ కుడికీ మార్చి మార్చి కొరుకుతూ పోతోంది. దాన్ని చూసి ఎడమ పన్ను, కుడి పన్ను వంతులవారీగా ఉండే చైన్ తయారుచేశాడు, 1947లో కంపెనీ పెట్టాడు. ఈ రోజు మనం వాడే చైన్లలో ఎడమ పన్ను ఒకటి, కుడి పన్ను ఒకటి వంతులు వేసుకుని ఉండేది అందుకే.

ఊడటానికీ దీనికీ సంబంధం ఉంది. ఎడమ పళ్ళు, కుడి పళ్ళు సమానంగా ఉంటేనే పక్క తోపులు ఒకదానికొకటి సరిపోతాయి. ఆకురాయి పట్టేవాళ్ళకు ఒక వైపు చేతి వాటం బాగుంటుంది, రెండో వైపు సరిగ్గా కుదరదు. కొన్నాళ్ళకు ఒక వైపు పళ్ళు పొట్టివై, కోత వంకరగా పోతుంది. కోత వంకరపోతే బార్‌ను చేత్తో తిప్పి సరిచేయాలని చూస్తారు, చైన్ మీద పక్క ఒత్తిడి పడుతుంది, గాడి ఒక అంచు అరుగుతుంది. మొద్దుబారిన చైన్‌తోనూ ఇదే తంతు, పదును లేనిచోట బలం వాడతారు. కోతలోంచి వచ్చేది పలుకులుగా ఉంటే పదునుంది, పిండిలా రాలితే పోయింది.

పక్క ఒత్తిడికి అసలైన చోటు సన్న కొమ్మలు. సర్కారు తుమ్మ కంప కొట్టేవాళ్ళకు ఇది బాగా తెలుసు. వేలి లావు కొమ్మ దుంగలా నిలబడి కోయించుకోదు, చైన్‌తో పాటు ఊగుతుంది, పన్నుకు తగులుకుని దాన్ని పక్కకు లాగుతుంది. చైన్ ఏమాత్రం వదులున్నా గాడిలోంచి బయటికి వచ్చేస్తుంది. అలాంటి కంపకు కత్తో గొడ్డలో వాడటమే మేలు. తప్పనిసరై మిషన్‌తోనే కొట్టాల్సివస్తే ముక్కుతో గెలకకుండా, బార్ మొదట్లో, పూర్తి వేగంతో కోయాలి. కోత పూర్తికాగానే యాక్సిలరేటర్ వదిలేసి ఆగుతున్న చైన్‌ను కొమ్మల మధ్యలోంచి పక్కకు లాగడం కూడా ఊడదీసే అలవాటే.

తుపాను తర్వాత ఈ ఫిర్యాదు ఒక్కసారిగా పెరగడానికీ కారణం ఇదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానంలో చెట్లను కూల్చాయి. 2024 ఆగస్టు 31న సుడిగాలికి ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు పడిపోయాయి. అలా పడిన చెట్టు మామూలు దుంగ కాదు. కొమ్మలు ఒకదాని కింద ఒకటి నలిగి విల్లులా బిగిసి ఉంటాయి, కోత సగం కాగానే రెండు వైపులూ మూసుకుని బార్‌ను పట్టేస్తాయి. పట్టుకున్న బార్‌ను ఊపి లాగితే చైన్ ఊడుతుంది. కొమ్మ ఏ వైపు బిగిసి ఉందో చూసి, నొక్కుడు ఉన్న వైపు కొంచెం కోసి, తర్వాత సాగిన వైపు నుంచి కోయాలి, లేదంటే కోతలో చెక్క చీలిక దించి తెరిచి ఉంచాలి. మట్టి, ఇసుక అంటిన బెరడు రెండు కోతలకే పదును తీసేస్తుంది. కొబ్బరి మానైతే పీచు చక్రం చుట్టూ చుట్టుకుని, కవర్ లోపల ముద్దకట్టి, చైన్‌ను చక్రం మీంచి ఎత్తేస్తుంది. కొబ్బరి కొట్టేటప్పుడు కవర్ విప్పి ఆ పీచు లాగేయడం గంటకోసారి చేయాల్సిన పని.

చక్రం, దాని వెనక డ్రమ్

రెండు చైన్లు మారాయి, బార్ మారింది, బిగింపు సరిగ్గా ఉంది, అయినా ఊడుతోంది. అప్పుడు కవర్ విప్పి చక్రాన్ని చూడాలి. చైన్ లింకులు ఆనే చోట చక్రం మీద గుంటలు పడతాయి, అవి అర మిల్లీమీటరు లోతు దాటితే చక్రం మార్చాలి. రెండు చైన్లకు ఒక చక్రం అన్నది తయారీదారులు చెప్పే లెక్క. అరిగిన చక్రం మీద కొత్త చైన్ వేయడం చాలామంది చేసే పొదుపు, అందులో కలిసొచ్చేది ఏమీ లేదు. పాత గుంటలకు కొత్త లింకులు కుదరక తొందరగా పాడవుతాయి.

చక్రం బాగున్నా డ్రమ్ లోపలి సూది బేరింగు పోతే మొత్తం ఊగుతుంది. ఇంజిన్ చల్లారాక, ప్లగ్ క్యాప్ పీకి, చైనూ బారూ తీసేసి, డ్రమ్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడాలి. నున్నగా తిరగాలి కానీ కొట్టుకోకూడదు. టకటకమని ఆడితే బేరింగు పోయింది. డ్రమ్ వాలిన ప్రతి చుట్టులోనూ చైన్ గాడి నోటికి నేరుగా కాక వంకరగా వచ్చి దిగుతుంటుంది, బార్ ఎన్నిసార్లు మార్చినా దాని వెనక కొసలో ఒకే పక్క అంచు నలుగుతుంటుంది. పాత బార్లు ఇంకా పారేయకుండా ఉంటే వాటినీ పక్కన పెట్టి చూడండి. అన్నిటికీ ఒకే వైపు, ఒకే చోట దెబ్బ ఉంటే చైన్ కొనాల్సిన పని లేదు, మార్చాల్సింది ఆ బేరింగునే.